దప్పికకు పూసే చెట్లు

అనంతపురంలో చెర్రీ పూయదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఏటా మార్చి నెలలో ఈ మాట ఎవరో ఒకరికి చెప్పాల్సి వస్తుంది. మా ఊరి పిల్లలు చాలామంది వర్జీనియాలో, మేరీలాండ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాషింగ్టన్‌లో చెర్రీలు పూయగానే అక్కడి నీటి ఒడ్డున చీరలు కట్టుకుని నిలబడి ఫోటోలు పంపుతారు. ఇక్కడ వాళ్ల అమ్మానాన్నలు ఫోను పట్టుకుని మా ఇంటికొస్తారు. "మేడమ్, ఈ చెట్టు మన కాంపౌండులో వస్తుందా?" అని అడుగుతారు. మా వీధిలో ఒకాయన నన్ను అడక్కుండానే ఆన్‌లైన్‌లో మొక్క తెప్పించాడు. అది నాలుగు ఆకులు వేసింది. మే నెల ఎండలకు నిలువునా ఎండిపోయింది. మొక్కదీ తప్పు కాదు, ఆయనదీ కాదు. చెర్రీ మొగ్గ విచ్చుకోవాలంటే ముందు చలికాలంలో కొన్ని వందల గంటలసేపు ఏడు డిగ్రీలకు లోపలి చలి తగలాలి. ఆ చలి తగిలితేనే మొగ్గ లోపల నిద్ర వదులుతుంది. మా దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా పాదరసం పది కిందికి దిగడం అరుదు. మన దేశంలో చెర్రీ చూడాలంటే హిమాలయాల వాలుకో, నవంబరులో షిల్లాంగుకో పోవాలి.

ఆ వాషింగ్టన్ చెట్ల కథ మాత్రం నేను క్లాసులో ఇష్టంగా చెప్పేదాన్ని. ఎలైజా సిడ్‌మోర్ అనే రచయిత్రి జపాన్ చూసొచ్చి, మన రాజధానిలోనూ ఈ చెట్లు పెడదామని 1885 నుంచి అధికారుల చుట్టూ తిరిగింది. ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి 1910 జనవరిలో టోక్యో నగరం పంపిన 2,000 మొక్కలు దిగాయి. పరీక్ష చేస్తే వాటి నిండా పురుగులు, వేళ్లకు నులిపురుగులు. అధ్యక్షుడు టాఫ్ట్ అనుమతితో అన్నిటినీ కుప్పేసి కాల్చేశారు. టోక్యో మేయరు యుకియో ఒజాకి చిన్నబుచ్చుకోకుండా మళ్లీ జాగ్రత్తగా అంట్లు కట్టించి 3,020 మొక్కలు పంపాడు. 1912 మార్చి 27న మొదటి రెండు మొక్కలు నాటారు. అడగడం మొదలుపెట్టిన రోజుకీ నాటిన రోజుకీ మధ్య ఇరవై ఏడేళ్లు. పిల్లలు ఫోటోలో చూసే పువ్వు వెనక ఇంత పట్టుదల ఉందని చెబితే క్లాసు నిశ్శబ్దంగా వినేది. ఆ వెంటనే మా ఊరి చెట్ల సంగతి ఎత్తుకునేదాన్ని. ఎందుకంటే చూడటానికని చెట్టు పెట్టడం మా ప్రాంతంలో చాలా కొత్త అలవాటు. అంతకుముందు ఇక్కడి బాటల పక్క చెట్టుకు వేరే పని ఉండేది.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే చోటు ఇది. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యం మా దాకా వచ్చేసరికి బలం తగ్గుతుంది. నేల ఎర్ర గరుసు. రెండడుగులు తవ్వితే పార ఖంగుమంటుంది. ఇలాంటి చోట బాటసారికి చెట్టు అంటే నీడ, కాయ, బండి ఎద్దులకు కాసేపు విశ్రాంతి. అందుకే పాత బాటల పక్కన చింత, వేప, మర్రి, రావి, కానుగ కనిపించేవి. పువ్వుకు స్థానం గుడిలో, కొప్పులో, గుమ్మానికి కట్టే దండలో. అలాగని ఈ సీమవాళ్లకు పూలంటే పట్టదని కాదు. 1443లో విజయనగరం చూసిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడివాళ్లు గులాబీ లేనిదే బతకలేరన్నట్టు, తిండితో సమానంగా చూస్తారని రాసిపెట్టాడు. అప్పుడు మా అనంతపురం ఆ రాజ్యంలోదే. పెనుకొండ వాళ్లకు రెండో రాజధాని లాంటిది. కాకపోతే ఆ పూలు తోటలో నీళ్లు పెట్టి పెంచినవి, కోసి అమ్మినవి. బాట పక్కన పూలకోసం చెట్టు పెట్టాలన్న ఆలోచన వేరు.

1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కుంఫిణీకి ఇచ్చేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి మొదట మకాం పెట్టింది అనంతపురంలోనే. 1807 దాకా ఈ సీమంతా గుర్రం మీద, గుడారాల్లో తిరిగాడు. 1827 జూలై 6న గవర్నరు హోదాలో పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన జ్ఞాపకానికి పత్తికొండలో ఏం చేశారో నాకు చాలా నచ్చుతుంది. మెట్ల బావి తవ్వించి, చెట్ల తోపు వేయించారు. ఈ నేల మీద మనిషిని తలుచుకోవడానికి అంతకన్నా తగిన పని మరొకటి తోచదు. బావి పక్కనే తోపు ఉండటంలో ఒక తెలివి ఉంది. తోపు వేసినవాళ్లు దానికి నీళ్లెక్కడివో ముందే ఆలోచించారు. ఆ క్రమం మనం తర్వాత మరిచిపోయాం.

1876లో మొదలైన ధాతు కరువు గురించి మా నాయనమ్మ తన అత్తగారి దగ్గర విన్న మాటలు చెప్పేది. చింతచిగురు, చింతగింజలు తిని ప్రాణాలు నిలుపుకున్నారట. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగమే. విడిగా జిల్లా అయింది 1882లో. ఆ కరువు చూసినవాళ్ల మనసులో చింతచెట్టు విలువ ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. రోడ్ల పక్క చింతలు తర్వాత తరాల్లో ప్రభుత్వానికి రాబడి కూడా. ఏటా కాయ వేలం వేసేవాళ్లు. పాటలో పాడుకున్న కుటుంబం మాఘం వచ్చేసరికి పిల్లాపాపలతో చెట్టు కిందే మకాం పెట్టి, గెడలతో రాల్చి, అక్కడే బోటు తీసి, గింజ కొట్టి మూటలు కట్టేది. గుత్తి వైపు బస్సులో పోతుంటే కిటికీ లోంచి పులుపు వాసన ముక్కుకు తగిలేది. నా చిన్నతనంలో ఆ రోడ్డు మీద కొన్ని చోట్ల ఎండ నేలమీద పడేది కాదు. హైదరాబాదు–బెంగళూరు దారి నాలుగు వరుసలైనప్పుడు ఆ చెట్లు వరసగా పోయాయి. రోడ్డు కావాలి, నేను కాదనను. నూరేళ్ల చెట్టు కొట్టిన చోట ఏం పెట్టారన్నదే నా ప్రశ్న. మధ్యలో గన్నేరు, కాగితంపూలు పెట్టారు. పూలు బాగానే ఉంటాయి, కారులో పోయేవాడికి కనిపిస్తాయి. నడిచే మనిషికి మాత్రం నీడ పోయింది.

చూడటానికే పెంచే చెట్టు మా ఊళ్లకు బంగళాలతో, కచేరీలతో, కాలేజీలతో వచ్చింది. వాటిలో మొదట చెప్పుకోవాల్సింది ఎర్ర తురాయి. ఇది మడగాస్కర్ చెట్టు. 1820లలో బోయర్ అనే బొహీమియా వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ చూశాడు. అక్కణ్ణించి మారిషస్ మీదుగా ఉష్ణదేశాలన్నిటికీ పాకిపోయింది. సొంత గడ్డ మీద అడవిలో ఇప్పుడు అరుదైపోతే, మన రైల్వే స్టేషన్లలో, బడుల్లో ఎక్కడ చూసినా అదే. ఏప్రిల్ చివరికి ఆకు పలచబడి, మే నెలలో నిప్పంటుకున్నట్టు పూస్తుంది. పరీక్షలు రాసి బయటికొచ్చే పిల్లల తలల మీద దాని రేకులు రాలేవి. ఐదు రేకుల్లో ఒకటి తెల్లగా చుక్కలతో ఉంటుంది, తేనెకు దారి చూపేది అదే అని చెబితే పిల్లలు వంగి ఏరుకునేవాళ్లు.

తురాయికి మా దగ్గర ఒక ఇబ్బంది ఉంది. దాని వేరు లోతుకు పోవడం కన్నా పైపైన పరుచుకోవడానికి మొగ్గుతుంది. కింద గరుసు తగిలితే ఇక లోతుకు దిగే ప్రసక్తే లేదు. మే నెలాఖరున గాలివాన వచ్చినప్పుడు నిండు పూలతో ఉన్న చెట్టు అమాంతం ఒరుగుతుంది. కాలనీల్లో కరెంటు తీగల మీద పడిన తురాయిలను ఎన్నింటినో చూశాను. దానికి దగ్గరి చుట్టం ఒకటి మా సీమలో ఎప్పటినుంచో ఉంది. వాతనారాయణ. పువ్వు తెల్లగా విచ్చుకుని మర్నాటికి పసుపెక్కుతుంది, మధ్యలో ఎర్రటి కేసరాలు పొడుగ్గా బయటికి వస్తాయి. రైతులు దాన్ని ఆకు కోసం చేను గట్టున ఉంచుకునేవాళ్లు. కీళ్ల నొప్పులకు ఆ ఆకు కాచి కాపడం పెట్టేవాళ్లు. కరువుకు బెదరదు. అయినా పార్కులో దాన్ని ఎవరూ పెట్టరు. నర్సరీలో అడిగితే మొక్క దొరకదు. దూరం నుంచి వచ్చిన దానికి ఇచ్చిన చోటు ఇంటిదానికి ఇవ్వలేకపోయామని నాకు చాలా బాధ.

గులాబీ రంగు చెట్టు మోజు మా ఊరికి బెంగళూరు నుంచి వచ్చింది. అనంతపురంవాళ్లకు ఆస్పత్రికీ, పెళ్లి బట్టలకీ, కొలువుకీ బెంగళూరే దగ్గర. ఆగస్టులోనూ జనవరిలోనూ లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు పోయి రావడం కొన్ని ఇళ్లలో పండుగలా సాగేది. అక్కడి వీధుల్ని అలా మలిచినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు గుస్తావ్ క్రుంబిగెల్. జర్మనీవాడు. లండన్ దగ్గర క్యూ తోటల్లో పనిచేసి, 1893లో బరోడాకు, 1908లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. ఏడాది పొడుగునా నగరంలో ఏదో ఒక వీధి పూస్తూ ఉండాలని ఆయన పట్టు. ఒక చెట్టు ముగించేసరికి ఇంకొకటి అందుకోవాలి. ఆ లెక్కతో ఏ వీధికి ఏ చెట్టో నిర్ణయించాడు. 1956లో బెంగళూరులోనే చనిపోయాడు. ఆయన తర్వాత 1980లలో అటవీ అధికారి ఎస్.జి. నెగిన్‌హాళ్ ఆ నగరంలో లక్షల మొక్కలు నాటించాడు. పొట్టి మొక్క పెడితే ఆవులు తినేస్తున్నాయని పొడుగ్గా పెంచిన మొక్కలే నాటించి, కంచెలు కట్టించి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కాపలాకు ఒప్పించాడు. ఈ రోజు బెంగళూరులో జనం ఆగి ఫోటోలు తీసుకునే గులాబీ టబుబియాలు చాలావరకు ఆ కాలంలో నాటినవే.

టబుబియా మెక్సికో నుంచి దక్షిణ అమెరికా ఉత్తరపు అంచు దాకా పెరిగే చెట్టు. ఎల్ సాల్వడార్ దేశానికి జాతీయ వృక్షం. దానికి చెర్రీలాగా చలి అక్కర్లేదు, దప్పిక కావాలి. వానలు పోయి నేల ఆరిపోగానే ఆకు రాల్చేస్తుంది. ఆకులు లేకపోతే నీరు ఆవిరై పోయే దారి మూసుకుపోతుంది. మానులో మిగిలిన తేమ మెల్లగా కొమ్మల చివరికి ఎక్కి, కాచుకుని ఉన్న మొగ్గల్ని నింపుతుంది. అప్పుడు ఫిబ్రవరి, మార్చిలో ఆకన్నదే లేని కొమ్మల మీద గులాబీ రంగు గుత్తులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఈ ధర్మం తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. కరువు సీమ అని మమ్మల్ని ఎప్పుడూ లేని వాటితోనే లెక్క కడతారు. ఈ చెట్టుకు కావలసిన ఎండుకాలం మాత్రం మా దగ్గర దండిగా ఉంది.

అయితే దప్పికను తట్టుకోవడం పెద్ద చెట్టుకే సాధ్యం. చిన్న మొక్కకు మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు కావాలి. మా ఊరి చెట్ల చరిత్ర అంతా ఆ రెండు మూడు వేసవుల్లోనే తేలిపోతుందని నా నమ్మకం. 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి జూలైలో మన దగ్గర మొక్కలు నాటుతూనే ఉన్నారు. నాటినవాళ్ల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి. మార్చి తర్వాత బిందె మోసినవాళ్ల పేర్లు ఏ కాగితం మీదా లేవు. మా కాలనీ పార్కులో పనిచేసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. బోరు ఎండిపోయిన ఏడాది ట్యాంకరు వచ్చిన రోజు ముందు మొక్కలకు పోసి, మిగిలితే తను కాళ్లు కడుక్కునేవాడు. టబుబియాకు డిసెంబరులోనూ నీళ్లు పెడుతున్న కుర్రాడిని ఆయన ఆపడం నేను విన్నాను. "రేయ్, చాలు. బతకడానికి పోసినావు కదా. పూయల్లంటే ఇంక ఎండబెట్టల్ల" అన్నాడు. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. నేను పుస్తకాల్లో చదివింది ఆయన చెట్టును చూసి తెలుసుకున్నాడు.

ఈ మధ్య కొత్త లేఅవుట్లకు మొక్కలన్నీ లారీల్లో కడియం నుంచి వస్తున్నాయి. గోదావరి ఒడ్డున ఒండ్రు మట్టిలో, అడుగు తవ్వితే తేమ తగిలే చోట పెరిగిన మొక్క. ఆకు నిగనిగలాడుతూ మనిషెత్తు ఉంటుంది, కొన్నవాళ్లు మురిసిపోతారు. దాన్ని తెచ్చి రెండడుగుల గుంతలో, తవ్విన గరుసే మళ్లీ పూడ్చి నాటుతారు. వేరు ఆ గుంత దాటి బయటికి పోలేదు. కుండీలో ఉన్నట్టే ఉండి, నీళ్లు ఆగిన రోజున చచ్చిపోతుంది. లేదంటే ఏ జంజాటమూ లేకుండా పచ్చగా ఉంటుందని కోనోకార్పస్ పెడతారు. దానికి చూడదగ్గ పువ్వు లేదు, నీడ లేదు, పిట్ట కూడా సరిగ్గా గూడు కట్టదు. తెలంగాణలో దాన్ని నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. మా ఊరి డివైడర్లలో దాన్ని చూసినప్పుడల్లా ఆ చోట ఒక కానుగ అయినా ఉంటే బాగుండేదనిపిస్తుంది. కానుగ కూడా పూస్తుంది మరి. చైత్రంలో కొత్త చిగురుతో పాటు తెలుపూ లేత ఊదా కలిసిన చిన్న పూలు రాలి, తెల్లవారేసరికి చెట్టు కింద నేల కనిపించదు. ఊడ్చేవాళ్లకు పని ఎక్కువని విసుక్కుంటారు కానీ, అంతకన్నా అందమైన ముంగిలి ఏముంది?

చెర్రీ లాంటిదే కావాలని పట్టుబట్టేవాళ్లను నేను ఫిబ్రవరిలో ఊరి బయటికి తీసుకుపోతాను. ధర్మవరం దారిలోనో, కదిరి వైపో, వేరుశనగ పెరికేసిన ఎర్ర చేల గెనాల మీద గ్లైరిసీడియా పూసి ఉంటుంది. ఆకులన్నీ రాలిపోయిన బారెడు కొమ్మల పొడుగునా గులాబీ, తెలుపు కలిసిన పూలు కిందినుంచి చివరిదాకా అంటిపెట్టుకుని ఉంటాయి. ఫోటో తీసి పంపితే వర్జీనియా పిల్లలే చెర్రీ అని మోసపోయారు. ఇదీ మెక్సికో వైపుదే. కోకో తోటల్లో నీడకు పెంచేవాళ్లు. మా వాటర్‌షెడ్ పనుల్లో, ఉపాధి హామీలో దీన్ని ఎవరూ పూలకోసం పెట్టలేదు. గట్టు తెగకుండా ఉంటుందని, కొమ్మ నరికి ఆకు చేనుకు వేస్తే నత్రజని వస్తుందని పెట్టారు. మోపెడు కొమ్మలు నరికి తొలకరికి ముందు గుచ్చితే చాలు, వేరు పట్టుకుంటుంది. దాని ఆకును మేకలు మొదట ముట్టవు. అందం కోసం ఖర్చు పెట్టిన చోట పూలు రాలేదు, నేల కోసం పాటుపడిన చోట ఇన్ని పూలు వచ్చాయి. ఏటా ఎరువు కోసం నరికే గెనాల మీద పూత తక్కువ. ఒక ఏడు నరక్కుండా వదిలేసిన చోటే నిండుగా పూస్తుంది. వలస పోయిన రైతు చేను గట్టున పూత ఎక్కువుండటం చూసి సంతోషించాలో లేదో తెలియక నిలబడిపోయిన రోజులున్నాయి.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్‌వాళ్లు కల్పవల్లి అని పిలిచే కొండల సంగతి కూడా చెప్పాలి. 1990ల మొదట్లో అవి బోడి గుట్టలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కమిటీలు కట్టి, ఎండాకాలం నిప్పు పాకకుండా గడ్డి చెక్కి ఖాళీ పట్టీలు తీసి, గొడ్డలి పడకుండా, మేత అదుపు తప్పకుండా కాపలా కాశారు. పాత మొద్దుల నుంచి, నేలలో పడి ఉన్న విత్తనాల నుంచి చెట్టు తనంతట తాను లేచింది. ఇప్పుడవి వేల ఎకరాలు. నాటడానికి పెట్టే డబ్బులో సగం కాపలాకు పెడితే మా పట్నంలోనూ ఎన్నో చెట్లు నిలిచేవి.

మా కాలనీ సంఘం ఈ ఏడు పెద్ద వీధికి పూలచెట్లు పెడదామని నిర్ణయించి నన్ను సలహా అడిగింది. తూర్పు వరసకు గులాబీ టబుబియా, పడమటి వరసకు కానుగ అన్నాను. కానుగ నీడ సాయంత్రపు ఎండను ఆపుతుంది. మలుపు దగ్గర ఖాళీ జాగాలో రేల, వాతనారాయణ. క్రుంబిగెల్ లెక్క ప్రకారం ఫిబ్రవరిలో టబుబియా మొదలుపెడితే, ఉగాదికి కానుగ, మే నెలకు రేల అందుకుంటాయి. వాతనారాయణ విత్తనాలు నేనే ఒక పాత చేను గట్టు నుంచి ఏరుకొచ్చాను. గింజ పెంకు గట్టిది కాబట్టి వేడినీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టి సంచుల్లో వేశాను. మొలకలు వచ్చాయి. గుంత మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు ఉండాలని, తవ్విన గరుసు బయట పారబోసి చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి నింపాలని, ఒక్కో మొక్క పక్కన అడుగున చిల్లి పెట్టిన కుండ పాతాలని రాసిచ్చాను. నాటేది జూలై ఫోటోల కోసం కాకుండా సెప్టెంబరు వానల్లో కావాలన్నాను. అంచనా కాగితంలో మొక్కల ఖరీదు కన్నా పెద్ద అంకె ఒకటి నేను చేర్పించాను. అది మూడు వేసవులకు నీళ్లు పోసే మనిషి జీతం. మీటింగులో కొందరు ఎందుకంత అన్నారు. ట్రెజరరు లెక్క మళ్లీ వేసి, ఇంటికి నెలకెంత పడుతుందో చెప్పాడు. ఒప్పుకున్నారు. ఇప్పుడు బుక్కరాయసముద్రం వైపు నుంచి చెరువు మట్టి ట్రాక్టర్లు రావాలి. పార్కులో పనిచేసిన పెద్దాయన కొడుకును పనికి అడిగాం, వస్తానన్నాడు.